డ్రైవ్ కుడివైపుకి తిరగబడుతోంది: డిస్కు మార్చాలా, చెయ్యి మార్చుకోవాలా?

పటమట_కుర్రోడు:
అందరికీ నమస్కారం. విజయవాడలో నలుగురం కలిసి నాలుగు నెలలుగా డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాం. మా గ్రౌండ్‌లో గొలుసుల బుట్టలేమీ లేవు, ఓ వేపచెట్టు మొదలే మాకు బుట్ట. ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క: గోల్ఫ్ లాంటిదే, బంతీ కర్రా ఉండవు, ప్లాస్టిక్ డిస్కుని బుట్టలో పడేలా విసురుతాం. దూరం కోసం వేసే మొదటి విసురు డ్రైవ్.

నా బాధ ఈ డ్రైవ్‌తోనే. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తాను, అంటే చెయ్యి ఛాతీకి అడ్డంగా ఎడమవైపుకి లాగి విసురుతాను. ముప్ఫై నలభై మీటర్లు బాణంలా పోతుంది. ఆ తర్వాత పెనం మీద అట్టు తిరగేసినట్టు కుడివైపుకి వాలిపోయి, నేల తాకి, అంచు మీద దొర్లుకుంటూ ప్రహరీగోడ దాకా పోయి కూర్చుంటుంది. బాగా పడితే డెబ్బై మీటర్లు వస్తుంది, కానీ బాగా పడేది పదిలో రెండు. డ్రైవ్‌కి వాడే డిస్కు (దాన్నే డ్రైవర్ అంటారు) నా దగ్గర ఒక్కటే ఉంది, ఇన్నోవా కంపెనీ లెపర్డ్. మా బావ డల్లాస్‌లో మూడేళ్లు చెట్లకీ పుట్లకీ కొట్టి, వచ్చేటప్పుడు నాకు తెచ్చిచ్చాడు. మా వాళ్లు "ఫైర్‌బర్డ్ లాంటి మొండి డిస్కు తెప్పించుకో, అదెంత కొట్టినా తిరగబడదు" అంటున్నారు. బయటినుంచి తెప్పించాలంటే కొరియర్ ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. కొనాలా వద్దా?

బ్రాడీపేట_బాబాయ్:
కొనకు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని ఊరికే అన్నారా? లోపం నీ మణికట్టులో ఉంది. వదిలే క్షణంలో నీ అరచెయ్యి పైకి తిరుగుతోందని పందెం కాస్తాను. కొత్తవాళ్లందరూ చేసేదే అది. బలం పెడుతున్నామనుకుంటారు, తీరా చూస్తే తలుపు గొళ్లెం తిప్పినట్టు చెయ్యి తిప్పేస్తారు. డిస్కు బయటి అంచు పైకి లేస్తుంది, ఇక అది కుడికి పోక ఎటు పోతుంది?

చేతిలో నిండా టీ గ్లాసు ఉందనుకో. దాన్ని ఎదుటివాడి వైపుకి కొంచెం ఒలకబోస్తున్నట్టు మణికట్టు ఉంచి వదులు. మొదట్లో అతిగా అనిపిస్తుంది, అనిపించనీ. నేను గుంటూరులో మా పిల్లలకి నేర్పేటప్పుడు మొదటి వారం ఇదొక్కటే చేయిస్తాను.

సున్నా_ఫేడ్:
బాబాయ్ గారూ, మద్దెల నిజంగానే ఓడైతే? మూడేళ్లు చెట్లకి కొట్టిన డిస్కు అని అతనే చెప్తున్నాడు కదా.

డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి: వేగం, తేలే గుణం, మలుపు, వాలు. లెపర్డ్‌కి అవి 6, 5, -2, 1. మూడో అంకె మైనస్‌లో ఎంత కిందికుంటే, వేగంగా ఉన్నప్పుడు కుడికి అంత మొగ్గుతుంది. అంటే కొత్తదే -2. దెబ్బలు తిని అంచు నలిగాక ఇంకా మొగ్గుతుంది. అందులోనూ అది చవక రకం డీఎక్స్ ప్లాస్టిక్ అయితే త్వరగా అరుగుతుంది. నాలుగోది ఎంత ఎక్కువుంటే, వేగం తగ్గాక ఎడమకి అంత వాలుతుంది. ఫైర్‌బర్డ్ 9, 3, 0, 4. అది కుడికి పోనే పోదు, పోయినా ఎడమకి లాక్కొస్తుంది. ఆదివారం పూట సరదాగా ఆడేవాడికి ఆరు నెలల మణికట్టు సాధన ఎందుకండీ?

బ్రాడీపేట_బాబాయ్:
ఆ అంకెలు పనిచేసేది దానికి తగ్గ వేగంతో విసిరితే. డెబ్బై మీటర్ల చేతికి లెపర్డ్‌ని తిరగేసేంత బలం ఎక్కడిది? బలం తక్కువైనప్పుడు డిస్కు ఎడమకి వాలాలి. కుడికి బోర్లా పడుతోందంటే చెయ్యే తిప్పుతోంది. నీ లెక్కతోనే చెప్తున్నాను.

సున్నా_ఫేడ్:
కొత్త లెపర్డ్‌ అయితే ఒప్పుకుంటా. అతని చేతిలో ఉన్నది కొత్తది కాదు.

బొంగరం_మాస్టారు:
ఇద్దరూ ఒక ప్రశ్న అడగడం మర్చిపోయారు. దానికి ముందు కొంచెం సోది, ఓపిక పట్టండి. ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాడిని.

చిన్నప్పుడు బొంగరం తిప్పారు కదా. తిరుగుతున్న బొంగరం పక్కకి ఒరిగితే ఒరిగిన వైపే పడిపోదు, ఒరిగి గుండ్రంగా ఊగుతుంది. తిరిగే వస్తువుని ఒకచోట నొక్కితే, ఫలితం తొంభై డిగ్రీలు జరిగి ఇంకోచోట కనిపిస్తుంది. మన డిస్కూ అంతే. వేగంగా పోతున్నప్పుడు గాలి పైకెత్తే బలం డిస్కు మధ్యభాగానికి కాస్త వెనక పనిచేస్తుంది. దాంతో ముందు అంచుని కిందికి నొక్కినట్టవుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది కాబట్టి, ఆ నొక్కు కుడి అంచు మీద తేలుతుంది. అందుకే కుడికి మొగ్గు. వేగం తగ్గాక బలం ముందుకి జరుగుతుంది, అప్పుడు ఎడమకి వాలు. ఇది తప్పు కాదు, దాని స్వభావం. స్వభావం మితిమీరితేనే మన కుర్రాడి గొడవ.

ఇక్కడ లెక్కకొచ్చేది గాలితో పోలిస్తే డిస్కు వేగం, నేలతో పోలిస్తే కాదు. గంటకి 65 కిలోమీటర్ల వేగంతో విసిరావనుకో. ఎదురుగాలి 15 ఉంటే డిస్కుకి అది 80. కాబట్టి తమ్ముడూ, నా ప్రశ్న: ఏ పూట ఆడతావు, ఏ దిక్కుకి విసురుతావు?

పటమట_కుర్రోడు:
పొద్దున ఆరింటికి, మాస్టారూ. పడమరకి విసురుతాం. తూర్పుకి విసిరితే ఎండ కళ్లలో పడుతుంది, డిస్కు కనపడదు.

బొంగరం_మాస్టారు:
ఇది జూన్. పడమటి గాలి మొదలైంది. ఎండ తప్పించుకోవడానికి పోయి గాలికి ఎదురు నిలబడ్డావు!

పటమట_కుర్రోడు:
అయ్యో. సాయంత్రం ఆడిన రోజుల్లో కాస్త నయంగా ఉండేది నిజమే. అప్పుడు తూర్పుకి విసురుతాం. అలవాటు పడి చెయ్యి కుదురుతోందని సంబరపడ్డాను.

ఎడమచేతి_అక్క:
నేనూ గుంటూరే. నాది ఎడమచెయ్యి, మీరు కుడి అన్నచోట నాకు ఎడమ అని చదువుకోండి. సున్నా గారి సలహా నేను పాటించినదాన్ని, కాబట్టి చెప్పే హక్కుంది.

నాకూ ఇదే రోగం. మొండి డిస్కు కొన్నాను. మొదటి రోజే తిన్నగా పోయింది, ఇంట్లో మిఠాయి పంచాను. ఆరు నెలలు తిన్నగానే పోయింది, యాభై మీటర్ల దగ్గరే ఆగింది. నేను ఒకవైపు మెలి తిప్పుతున్నాను, డిస్కు ఇంకోవైపు లాగుతోంది, రెండూ కలిసి తిన్నగా కనపడ్డాయి, అంతే. కాళ్లు కుదిరి, నడుం తిరిగి బలం పెరిగే దాకా నాకు తెలియనే లేదు. తర్వాత మామూలు డిస్కు పట్టుకుంటే మొదటి రోజు కన్నా ఘోరం. అలవాటైన మెలి విప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నాకు పనిచేసింది మణికట్టు ఒక్కటే కాదు. నిటారుగా కొయ్యలా నిలబడి విసిరేదాన్ని. నడుం దగ్గర కొంచెం ముందుకి వంగితే చెయ్యీ డిస్కూ ఒకే వాలులోకి వస్తాయి, డిస్కు బయటి అంచు దానంతటదే కిందికి ఉంటుంది. దీన్నే హైజర్ అంటారు. తేలిగ్గా తిరగబడే డిస్కుని అలా కొంచెం హైజర్‌తో వదిలితే అది లేచి చదునై తిన్నగా పోతుంది. తిరగబడే గుణమే మనకి పనికొస్తుంది. చెయ్యి ఒక వాలులో లాగి డిస్కుని ఇంకో వాలులో పట్టుకుంటే మాత్రం వణుకుతూ పోతుంది. మీ డిస్కు వదలగానే వణుకుతుందా? అది చూడండి ముందు.

సున్నా_ఫేడ్:
అక్కా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీకు గురువు దొరికినట్టుంది. ఒంటరిగా నేర్చుకునేవాడికి ప్రతి విసురూ గోడ దగ్గరే తేలితే నాలుగో వారం ఆట మానేస్తాడు. మానేసినవాడి మణికట్టు ఎంత శుద్ధంగా ఉంటే ఏం లాభం?

ఎడమచేతి_అక్క:
గురువా? ఫోన్‌ని ఇటుకకి ఆనించి వీడియో తీసుకున్నాను. అదే గురువు.

బ్రాడీపేట_బాబాయ్:
ఓ పాత సంగతి. ఈ ఆటకి ఆద్యుడు ఎడ్ హెడ్రిక్ కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం పెట్టింది 1975లో. అంచు వాలుగా చెక్కిన డిస్కు ఇన్నోవా వాళ్లు తెచ్చింది 1983లో. ఆ మధ్య ఎనిమిదేళ్లు జనం ఫ్రిస్బీల్లాంటి డిస్కులే విసిరారు. అవి గట్టిగా కొడితే తిరగబడేవే. మొండి డిస్కు కొనుక్కుందామంటే కొట్టే లేదు, చేతులే సర్దుకున్నాయి.

బొంగరం_మాస్టారు:
ఫ్రిస్బీ అన్నారు కాబట్టి ఒక ముచ్చట. వామ్-ఓ కంపెనీ ఈ ఎగిరే పళ్లేన్ని తయారుచేయడం మొదలుపెట్టింది 1957లో. మన ప్రకాశం బ్యారేజీ కూడా ఆ ఏడాదిదే. దీనికీ చర్చకీ సంబంధం లేదు, ఊరికే చెప్పాను.

పని చెప్తాను. తమ్ముడూ, నీ దగ్గర పట్టర్, అంటే బుట్ట దగ్గరి విసుర్లకి వాడే డిస్కు, ఉందా? ఉంటే పరుగు లేకుండా, నిలబడి, సగం బలంతో పది విసుర్లు తూర్పుకి, పది పడమరకి. తర్వాత లెపర్డ్‌తో అలాగే. పట్టర్ వణకకుండా పోయి, లెపర్డ్ మాత్రం రెండు దిక్కుల్లోనూ తిరగబడితే సున్నా గారి మాట నిజం, డిస్కు అరిగింది. రెండూ తిరగబడితే బాబాయ్ గెలిచారు. పడమరకి మాత్రమే తిరగబడితే డబ్బులు జేబులో పెట్టుకుని ఎండకి టోపీ కొనుక్కో.

పటమట_కుర్రోడు:
ఆదివారం పొద్దున చేశాను. కాగితం మీద రాసుకున్నాను, మాస్టారు తిడతారని.

పట్టర్ పడమరకి పదిలో ఆరు కుడికి పోయాయి. తూర్పుకి మూడు. వణుకు మాత్రం రెండు వైపులా ఉంది, వీడియోలో స్పష్టంగా కనపడింది. అరచెయ్యి పైకి తిరగడం కూడా. బాబాయ్ గారూ, పందెం మీదే. లెపర్డ్ పడమరకి తొమ్మిది, తూర్పుకి అయిదు తిరగబడ్డాయి. టీ గ్లాసు చిట్కాతో, అక్క చెప్పినట్టు నడుం కొంచెం వంచి మళ్లీ పడమరకి పది వేశాను. ఈసారి తిరగబడినవి అయిదు. రెండు ఎటో పోయి ఎడమవైపు తుప్పల్లో పడ్డాయి, ఒకటి కుక్క ఎత్తుకుపోయి ఇచ్చేసింది.

సున్నా_ఫేడ్:
పట్టర్ మూడు పోయిన దిక్కుకే లెపర్డ్ అయిదు పోయింది. ఆ తేడా రెండూ నావి. డిస్కు అరిగిన మాట నిజమేగా?

బ్రాడీపేట_బాబాయ్:
రెండు నీవే, తీసుకో. పట్టర్‌తో పోయిన తొమ్మిదీ?

బొంగరం_మాస్టారు:
అందులో మూడు గాలివి. వాటి మీద ఎవరూ చెయ్యెయ్యకండి.

సున్నా_ఫేడ్:
సరే, కొనొద్దు. నా దగ్గర ఫైర్‌బర్డ్ ఉంది, నేనూ విజయవాడే. శనివారం సాయంత్రం తెస్తాను, అదీ విసిరి చూడు. నచ్చితే రెండు నెలలు నీ దగ్గరే ఉంచుకో. ఒక్కటే షరతు, బందరు కాలవ దరిదాపుల్లో విసరకు. ఇంతకుముందుది అందులోనే ఉంది.

ఎడమచేతి_అక్క:
తీసుకోండి, కానీ పట్టర్‌తో ఇరవై వేశాకే దాన్ని సంచిలోంచి తియ్యండి. వీడియో పెట్టండి, నేను చూస్తాను.

పటమట_కుర్రోడు:
సరే అక్కా. శనివారం అయిదున్నరకి. మాస్టారూ, ఆ వేళకి గాలి ఎటు ఉంటుంది?

బొంగరం_మాస్టారు:
గుప్పెడు గడ్డి పీకి పైకి ఎగరెయ్యి, అదే చెప్తుంది.