వేడినీటి గుండాలు: టికెట్టు కొన్నాక కూడా శుభ్రం మన పనేనా?

పెన్నాగట్టు:
మా వీధోళ్ళం బస్సు మాట్లాడుకోని ఉత్తరాది యాత్రకి పోయొచ్చాం. దారిలో ఒక వేడినీటి గుండం, పేరెందుకులే. మెట్టు మీద కాలు పెడితే జర్రున జారింది, అంతా సబ్బు. నీళ్ళ మీద షాంపూ పాకెట్లు, తలనూనె తెట్టు. మా బస్సులో పెద్దాయన ఒకాయన అందులోనే నిలబడి ఒళ్ళు రుద్దుకుంటా ఉంటే "గుండంలో సబ్బు వద్దు పెదనాయనా" అన్నా. "ఇరవై రూపాయలు టికెట్టు తీసుకున్నారు గదబ్బయ్యా, వాళ్ళే కడుక్కుంటార్లే" అన్నాడు. బస్సు బస్సంతా ఆయన పక్కే. మీరేమంటారు?

కావలికుర్రోడు:
పెద్దాయన మాటలో తప్పేముందన్నా? డబ్బు కట్టించుకున్నోడిదే బాధ్యత. మన రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడికి ఎంత జనం వస్తారు? వచ్చినోళ్ళు ఊడ్చిపోతారా? కార్పొరేషనోళ్ళే ఎత్తిపోస్తారు. గుండం కాడ చెత్తబుట్ట ఉండదు, ముందు ఒళ్ళు కడుక్కునేదానికి కుళాయి ఉండదు, ఆడోళ్ళు బట్టలు మార్చుకునే గది ఉండదు. ఇవేమీ పెట్టకుండా వచ్చినోడికి నీతులు చెప్పేది సులువే.

ఒంగోలు మాస్టారు:
కావలి తమ్ముడూ, కుళాయి విషయం ఒప్పుకుంటాను. కానీ చెరువుతో పోల్చడం కుదరదు. వాన నీరు రాతి పగుళ్ళ గుండా భూమి లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మళ్ళీ పైకి తన్నుకొస్తేనే వేడినీటి ఊట. ఆ పైకొచ్చే దారి మూసుకుపోతే అంతే సంగతులు.

అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కులో మార్నింగ్ గ్లోరీ అనే గుండం ఉంది. ఒకప్పుడు నిండు నీలం. చూడటానికి వచ్చినవాళ్ళు సరదాకి చిల్లర, చేతిలో ఉన్నదల్లా విసిరారు. 1950లో నీటిమట్టం దించి, కావాలని పొంగేలా చేస్తే ఏం బయటపడ్డాయో తెలుసా? కుప్పలుగా చిల్లర నాణేలు, 76 చేతిరుమాళ్ళు, తువ్వాళ్ళు, మేజోళ్ళు, చొక్కాలు, ఆఖరికి లోదుస్తులు కూడా! ఊట దారి కొంత పూడి వేడి తగ్గేసరికి, అంచున బతికే బాక్టీరియా లోపలికి పాకింది. ఆ పసుపు, నారింజ రంగులు దాని తాలూకే. నీలం పోయింది.

టికెట్టు డబ్బుతో ఎంతమందిని పెట్టినా మెట్లు కడుగుతారు. అడుగున సలసల కాగే బొక్కలో చెయ్యి పెట్టి ఎవరు తీస్తారు? రైలు పెన్నా బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి రూపాయి విసిరే చేతులే కదా మనవి, గుండం కనపడితే ఊరుకుంటాయా!

కావలికుర్రోడు:
మాస్టారూ, ఎల్లోస్టోన్ గుండాల్లో ఎవురూ స్నానం చెయ్యరు, చెయ్యనీరు కూడా. మనకి గుండమంటే తీర్థం. బదరీనాథ్‌లో తప్తకుండంలో మునిగే గదా దర్శనానికి పోయేది. మునగొద్దంటే ఎట్టా?

బుచ్చి ఆడపడుచు:
మునగొద్దని ఎవురన్నారన్నా? జపానోళ్ళూ మునుగుతారు. ముందు బయట కూర్చోని సబ్బుతో శుభ్రంగా కడుక్కోని, నురగంతా పోయినాకే గుండంలోకి దిగుతారు. చిన్న తువ్వాలు కూడా నీళ్ళకి తగలనీకుండా నెత్తిన పెట్టుకుంటారు. అక్కడా టికెట్టు ఉంటది మరి.

మనకాడ సబ్బుకన్నా పెద్ద బెడద తడిబట్టలు. కట్టుకున్న చీర అక్కడే వదిలేస్తే దోషం పోతదంట. మా అత్తమ్మ దానికోసమే పాతచీర వెతికి మరీ సర్దుకుంటది. ఆమె దోషం పోతదో లేదో గానీ, ఆ చీర ఎత్తేది ఇంకో ఆడమనిషే.

పెన్నాగట్టు:
తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్ళు ఆపి గాజు సీసాలు పెట్టారు గదా, తిరిగిస్తే డబ్బు చేతిలో పెడతారు. నీలగిరుల్లో కూడా 2022 నుంచి మందు సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకోని, ఖాళీ సీసా తెస్తే ఇచ్చేస్తన్నారు. తాగినోడు కూడా జ్ఞాపకం పెట్టుకోని తెస్తన్నాడు! గుండం కాడా అట్టా డిపాజిట్టు పెడితే?

ఒంగోలు మాస్టారు:
సీసాకైతే సరే. కలిసిపోయిన నురగను ఎవరు తిరిగిస్తారు, ఎవరికి పది రూపాయలిస్తారు? సబ్బు, షాంపూ గేటు దగ్గరే పెట్టించుకుని టోకెన్ ఇవ్వాలి, గుళ్ళో చెప్పులకి ఇచ్చినట్టు.

కావలికుర్రోడు:
ఆ గేటు కాడ సబ్బులు తీసుకోని టోకెన్ ఇచ్చే మనిషిని పెట్టేదెవురు మాస్టారూ? టికెట్టు తీసుకున్నోడే గదా. నేను మొదట్నుంచీ మొత్తుకుంటా ఉండేది అదే!