అప్‌డేట్: కొత్త ఇంటికి డిష్షా, ఇంటర్నెట్ టీవీయా? చివరికి తేలింది

కొత్త ఇంట్లో డిష్ పెట్టించాలా, ఇంటర్నెట్ టీవీతో సరిపెట్టుకోవచ్చా అని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు టెక్నీషియన్‌తో మేడ మీద సిగ్నల్ చూపించండి" అన్నవారి మాటే పనికొచ్చింది.

టెక్నీషియన్ సిగ్నల్ మీటర్ పట్టుకుని నాలుగు మూలలా తిరిగి చూశారు. శాటిలైట్ ఉన్న దిక్కున పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు సరిగ్గా అడ్డం. డిష్ సైజు గురించి నేను పడ్డ టెన్షన్ అంతా అనవసరం. పెద్ద డిష్ వానలో కాస్త సాయపడుతుంది గానీ, కాంక్రీటు అడ్డుంటే ఏమీ చేయలేదు.

అలా ఇంటర్నెట్ టీవీ పెట్టించాం. మొదటి రెండు రోజులూ నరకమే. పాట సగంలో బొమ్మ ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉండేది. ప్లాన్ పెంచబోయి, ముందు స్పీడ్ కొలిచాను: రౌటర్ పక్కన 100 ఎంబీపీఎస్, టీవీ దగ్గర 4. మధ్యలో రెండు గోడలున్నాయి. ఇక్కడే ఒకరు చెప్పినట్టు వైఫై వదిలేసి రౌటర్ నుంచి టీవీకి ల్యాన్ కేబుల్ లాగాం. అంతే, మళ్లీ ఆగలేదు. హెచ్‌డీకి 5, 4కేకి 25 ఎంబీపీఎస్ ఉంటే మామూలుగా చాలు, కాబట్టి పాత ప్లానే ఉంచాను.

ఒక్క లోటు మాత్రం ఉంది. లైవ్ మ్యాచ్ అర నిమిషం వెనక వస్తోంది. వికెట్ పడిందని పక్కింటి కేకల వల్ల నాన్నగారికి ముందే తెలిసిపోతోంది. దీనికి మాకింకా దారి దొరకలేదు.