అప్‌డేట్: మా డిబేట్ పిల్లల బట్టీ సంగతి

రెండు నెలల కిందట అడిగింది నేనే. మా డిగ్రీ కాలేజీ డిబేట్ పిల్లలు ప్రసంగమంతా బట్టీ పట్టి వస్తున్నారు, అవతలివాళ్లు మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే బిగుసుకుపోతున్నారు, ఏం చేయాలి అని. "ముందు రాసుకోవడం మాన్పించండి" అన్నారు చాలామంది. మాన్పించాను. మొదటి వారం ఘోరం! ఏడు నిమిషాల ప్రసంగం రెండు నిమిషాలకే అయిపోయేది.

మేం ఆడేది బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి. నాలుగు టీములు, టీముకు ఇద్దరు. అంశం చెప్పాక సిద్ధం కావడానికి 15 నిమిషాలే టైం. ఒక్కొక్కరికి 7 నిమిషాలు, మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప ఎప్పుడైనా ఎదుటి పక్షం ప్రశ్నకు లేవచ్చు. ఇక బట్టీకి చోటెక్కడ? అది నాకే ఆలస్యంగా వెలిగింది.

పనిచేసింది మాత్రం మీలో ఒకరు చెప్పిన చిట్కా: కాగితం మీద మూడే మాటలు. రోజూ ఒకరు మాట్లాడితే మిగతావాళ్లంతా ప్రశ్నలతో లేస్తారు. ప్రశ్న వద్దనుకుంటే చేయి ఊపి కూర్చోబెట్టడమూ నేర్పాను. మర్యాద అడ్డొచ్చి, అది అలవాటవడానికే కొందరికి పది రోజులు పట్టింది.

ఆ 15 నిమిషాలూ తెలుగులోనే వాదించుకోనిచ్చాను. ఇంగ్లీషు మాటల వెతుకులాట తగ్గి వాదన చిక్కబడింది.

మొన్నటి పోటీలో సెమీస్‌కు కూడా పోలేదు లెండి. కానీ టెన్షన్‌తో నోరు పెగలని కుర్రాడు ఈసారి రెండు ప్రశ్నలు తీసుకున్నాడు. రెండో జవాబుకు ఎదుటివాళ్లే నవ్వేశారు. మా వాదన వాళ్లదానికంటే ఎందుకు బరువైందో చెప్పలేదని జడ్జి అన్నారు. సోమవారం నుంచి దాని మీదే పడతాం.