ఏడు రోజుల లోన్ యాప్: చేతికొచ్చింది 3,200, కట్టమంటున్నది 5,000

నిజామాబాద్_అక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాడు. బండి క్లచ్ ప్లేట్లు పోతే ఏదో యాప్‌లో 5,000 లోన్ పెట్టాడట. ప్రాసెసింగ్ ఫీజు పోను చేతికొచ్చింది 3,200. ఏడో రోజుకి మొత్తం 5,000 కట్టాలి. ఆరో రోజు పొద్దున ఆరున్నరకే నాకు ఫోన్ చేసి, "మీ తమ్ముడు దొంగ, గ్యారంటీ మీరే" అన్నారు. నేనెక్కడా సంతకం పెట్టలేదు. వాడి ఫోన్లో నంబరు ఉన్న పాపానికి మా ఇల్లు కట్టిన మేస్త్రీకి, గ్యాస్ ఏజెన్సీకి కూడా మెసేజ్‌లు వెళ్ళాయి. ఇప్పుడు వాడు ఇంకో యాప్‌లో తీసి దీనికి కడతానంటున్నాడు. ఒకటే టెన్షన్. వీళ్ళకి గవర్నమెంటు రూల్స్ ఏమీ లేవా?

రిటైర్డ్_క్యాషియర్:
అమ్మా, ముందు ఆ రెండో యాప్ దగ్గర మీ తమ్ముణ్ణి ఆపండి. 3,200కి వారంలో 1,800 అంటే నూటికి 56 రూపాయలు. అదీ వారానికి! మా ఊళ్ళో నెలకి నూటికి పది అంటేనే ముక్కున వేలేసుకునేవారు.

రూల్స్ ఉన్నాయి. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి వేధింపులకే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు కమిటీ వేసి, 2022 సెప్టెంబరులో డిజిటల్ లోన్ల నిబంధనలు తెచ్చింది. 2025 మేలో వాటిని మళ్ళీ ఒకచోట చేర్చింది. యాప్ మీ కాంటాక్టులు, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. ఫీజులన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ముందే ఒక కాగితంలో చూపాలి. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు.

అయితే ఇవన్నీ బ్యాంకులకి, రిజిస్టరయిన ఫైనాన్స్ కంపెనీలకి, వాళ్ళ తరఫున పనిచేసే యాప్‌లకి. మీ వాడికి డబ్బు ఎవరి ఖాతా నుంచి పడిందో స్టేట్‌మెంట్‌లో చూడండి. లోన్ ఇచ్చే కంపెనీ ఖాతా నుంచే నేరుగా పడాలి, మధ్యలో ఇంకొకరి ఖాతా ఉండకూడదు. నలభై ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నాను, అబద్ధం మనిషి చెబుతాడు గానీ ఎంట్రీ చెప్పదు.

ఖమ్మం_కిరాణా:
సార్, రూల్స్ సరే, మూడు వేలు బ్యాంకు ఇస్తుందా? 2010 అక్టోబరులో ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చే మైక్రో ఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ వచ్చినప్పుడు మా అమ్మ గ్రూపులో ఉండేది. ఇంటి ముందు కూర్చుని వసూలు చేసేవాళ్ళు మాయమయ్యారు, సంతోషమే. కొత్త అప్పూ మాయమైంది. అమ్మ మళ్ళీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కింది.

రిటైర్డ్_క్యాషియర్:
కాదనను బాబూ. పైగా ఈ లోన్లకి వడ్డీ ఇంత మించకూడదని రిజర్వు బ్యాంకు గీత గీయలేదు. దాచకుండా చెప్పమంది, అంతే. నాకది చాలదనిపిస్తుంది. క్లచ్ కాలిపోయినవాడు శాతాలు చదువుతూ కూర్చుంటాడా?

అమ్మా, రిజిస్టరయిన కంపెనీ అయితే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఫీజు లేదు. రిజిస్టరవని కంపెనీ అయితే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, రిజర్వు బ్యాంకు వాళ్ళ ఫిర్యాదుల సైటు సచేత్‌లోనూ పెట్టండి. మెసేజ్‌లు చెరపొద్దు. వాళ్ళు వాట్సాప్‌లో పంపే ఏ యూపీఐ ఐడీకీ కట్టొద్దు.

నిజామాబాద్_అక్క:
చూశాం బాబాయ్ గారూ. డబ్బు పడింది ఏదో ట్రేడర్స్ ఖాతా నుంచి. యాప్ పేరు రిజర్వు బ్యాంకు సైట్‌లో పెట్టిన జాబితాలో లేదు. 1930లో ఫిర్యాదు నంబరు ఇచ్చారు. "నా పేరుతో మెసేజ్ వస్తే నమ్మకండి" అని తమ్ముడి చేత స్టేటస్ పెట్టించాను. అది చూసి మేస్త్రీ ఫోన్ చేసి, క్లచ్‌కి ఎంతవుతుందిరా అని అడిగాడట. తమ్ముడు రెండో యాప్ ఫోన్లోంచి తీసేశాడు.

ఇవాళ కూడా కొత్త నంబర్ల నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ ఎనిమిదిలోపే.