అప్‌డేట్: దేవమాలి క్యాంపింగ్‌కి వెళ్లొచ్చాం

రాయగడ నుంచి ఫ్రెండ్స్‌తో వీకెండ్‌కి ఫోర్ బై ఫోర్‌లో (నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ అందే బండి) ఒడిశాలోని దేవమాలి కొండకి వెళ్తున్నాం, టైర్లలో గాలి తగ్గించాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. కొండపైకి రోడ్డుంది, అక్కడ అవసరమే రాలేదు. కింద మట్టిదారిలో మాత్రం బురదలో చక్రాలు ఊరికే తిరిగాయి. గాలి 22 పీఎస్ఐకి తగ్గించి, లో రేంజ్‌లో (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) వేస్తే బండి మెల్లగా బయటికొచ్చింది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకున్నాం. పంపు పెట్టుకోమన్న అన్నకి థాంక్స్, లేకపోతే టెన్షనే.

అసలు ఇబ్బంది రాత్రి కొండమీద వీచిన గాలితో. 1672 మీటర్ల ఎత్తు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం మరి! టెంటు మేకులు ఊడొచ్చాయి. బండిని గాలికి అడ్డంగా పెట్టి, దాని చాటున మళ్లీ వేసుకున్నాం. స్టవ్ కూడా అక్కడే వెలిగింది, ఉప్మా పదకొండింటికి. దిగేటప్పుడు చిన్న గేర్‌లోనే దిగాం, బ్రేకులు వేడెక్కలేదు. వెళ్లేవాళ్లు నీళ్లు దారిలో సెమిలిగుడ ఊళ్లోనే నింపుకోండి.