ఇంటావిడ ‘నో, నో’ అంటోంది. ఇల్లు ఇస్తానన్నట్టా, ఇవ్వనన్నట్టా? (ప్రాగ్)

ప్రశ్న (ప్రాగ్, వచ్చి 19 రోజులు)

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి ప్రాగ్ వచ్చాను. కంపెనీ ఇచ్చిన గది నెలాఖరు వరకే. జిజ్కోవ్‌లో ఒక చిన్న ఇల్లు చూశాను, చాలా నచ్చింది. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి, ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. నిన్న ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను. ఒకటో తారీఖున దిగొచ్చా, రెండు నెలల డిపాజిట్ చాలా, ఆఫీసులో చూపించే వసతి కాగితం మీద సంతకం పెడతారా అని. మూడింటికీ ఆవిడ “నో… నో, నో” అంది. గొంతులో కోపమేమీ లేదు. చివర్లో “నో యో, నో యో” అని పెట్టేసింది. తీరా చూస్తే గురువారం సాయంత్రం ఆరింటికి రమ్మని మెసేజ్ వచ్చింది. ఒప్పుకోని మనిషి ఎందుకు రమ్మంటుంది? వేరే ఇల్లు వెతుక్కోవాలా? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రనో నుంచి

తమ్ముడూ, ఆ ఇల్లు వదులుకోకు. ఆవిడ మూడింటికీ ఒప్పుకుంది.

చెక్ వాళ్ల ‘నో’ అంటే మన ఊఁ కొట్టడం. మనం కథ వింటూ “ఊఁ… ఊఁ” అంటామే, అదే. “ఆఁ, సరే, చెప్పు” అన్న అర్థం. ఫోన్ ఎత్తగానే “నో?” అంటారు, చెప్పు అని. “నో యాస్న్యె” అంటే ఓ, తప్పకుండా అని. నువ్వు విన్న “నో యో” అంటే అవునవును, అలాగే అని. కాదనడానికి వాళ్ల మాట ‘నె’. గట్టిగా అవుననాలంటే ‘అనో’. మన ‘అవునో’లోంచి ‘వు’ తీసేస్తే ‘అనో’ అని గుర్తుపెట్టుకో, నాకు అలాగే వచ్చింది.

సంతకం ముందు ఈ రెండు విషయాలు చూసుకో. దేశంలో దిగిన 3 పని దినాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి, అది నీ కంపెనీ వాళ్లు చేయించే ఉంటారు. ఇల్లు మారాక 30 రోజుల్లోపు కొత్త చిరునామా మళ్లీ చెప్పాలి, మర్చిపోకు. ఇక డిపాజిట్ ఆరు నెలల అద్దె దాకా అడగొచ్చు, రెండు నెలలే అంటోందంటే ఆవిడ మంచిదే.

వ్రోత్సవాఫ్ నుంచి

పోలండ్‌లోనూ ఇదే ‘నో’. దీనివల్ల నాకు ఇల్లే పోయింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

2017 మాట. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కానీ వంటింటి కిటికీలోంచి ఓద్రా నది కనిపించేది. ఓనరు రిటైరైన పెద్దాయన, మంచి మనిషి. ఏడాది అగ్రిమెంటు, జూన్ 30తో ముగుస్తుంది. మే నెలలో ఒక సాయంత్రం నీళ్ల మీటరు చూడటానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి, జూన్ ఆఖరుకి ఖాళీ చేస్తున్నారా అని పోలిష్‌లో అడిగారు. ఆ మాత్రం పోలిష్ నాకు అర్థమైంది. “నో, నో” అన్నాను. లేదండీ, ఉంటాం అని నా ఉద్దేశం. ఆయన “నో, దోబ్జె” అని తలూపి దిగిపోయారు. దోబ్జె అంటే సరే అని తెలుసు కాబట్టి నేనూ నిశ్చింతగా ఉన్నాను.

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున మిక్సీలో ఇడ్లీ పిండి వేస్తుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే ఆయన, ఆయన వెనక ఒక కుర్ర జంట. ఆ అమ్మాయి చేతిలో కొలత టేపు. నాకు నమస్కారంలా ఏదో చెప్పి, బూట్లు విప్పి, నేరుగా మా పడకగదిలోకి వెళ్లి మంచం పక్కన గోడ కొలవడం మొదలుపెట్టింది. ఆమె అంకెలు చెబుతుంటే అతను ఫోన్‌లో రాసుకుంటున్నాడు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. గుమ్మంలో నిలబడి, వీళ్లు ఎందుకు కొలుస్తున్నారండీ అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పక్క ఫ్లాట్‌లో ఉన్న కాలేజీ అమ్మాయిని పిలిచి మాట్లాడించాను. పెద్దాయన ముఖం పాలిపోయింది. “మీరే కదా అవునన్నారు, రెండుసార్లు అన్నారు” అన్నారు. అప్పటికే వాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకున్నారు, సంతకాలు అయిపోయాయి. ఆయన తప్పేమీ లేదు. నేను అడ్డంగా తల తిప్పి ‘నో’ అని ఉంటే అనుమానం వచ్చేదేమో. మనకి అలవాటైనట్టు తల పక్కకి వంచాను. జూన్ 30కి ఖాళీ చేశాం. కొత్త ఇల్లు దొరికేదాకా నలభై రోజులు ఒక స్నేహితుడి హాల్లో పడుకున్నాం, ఆ స్థితిలో మా ఆవిడ నేల మీద పరుపేసుకుని. డిపాజిట్ మాత్రం ఆయన వారంలోపే పైసాతో సహా తిరిగిచ్చారు. ఇక్కడ రూలు ప్రకారం ఖాళీ చేసిన నెలలోపు ఇవ్వాలి.

అప్పట్నుంచి ఓనర్లతో ‘నో’ అనే మాటే వాడను. అవునంటే ‘టాక్’, కాదంటే ‘న్యె’. ఇంటికొచ్చాక అదే విషయం మెసేజ్‌లో రాసి పంపుతాను.

ప్రాగ్ నుంచి, 14 ఏళ్లుగా

బ్రనో అన్నగారూ, డిపాజిట్ విషయం సరిదిద్దాలి. ఆరు నెలలు పాత లెక్క. 2017 నుంచి అద్దె ఇంటికి మూడు నెలల అద్దెకి మించి తీసుకోకూడదు. ఇల్లు వదిలేటప్పుడు దాన్ని వడ్డీతో తిరిగివ్వాలని కూడా చట్టంలో ఉంది, మనవాళ్లు ఎవరూ అడగరు.

బాబూ, వసతి కాగితం మీద ఆవిడ సంతకాన్ని అధికారికంగా ధ్రువీకరించమని ఆఫీసువాళ్లు అడగవచ్చు. పోస్టాఫీసులో ‘చెక్ పాయింట్’ అని కౌంటర్ ఉంటుంది, ఆవిడ తన గుర్తింపు కార్డుతో అక్కడికి రావాలి. గురువారమే ఆ మాట అడుగు.

బ్రనో నుంచి

సరే, మూడు నెలలే. నేను 2014లో తీసుకున్న ఇంటికి ఆరు అడిగారు, అదే మనసులో ఉండిపోయింది.

కానీ ‘నో’ ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే తమ్ముడికి ఇంకా బాగా గుర్తుంటుంది. అది ‘అనో’కి పొట్టి రూపం. మా చెక్ టీచరు క్లాసులోనే చెప్పారు.

వార్సా నుంచి

బ్రనో తమ్ముడూ, ఆ లెక్క పోలిష్‌కి కుదరదు. ఇక్కడ అవునంటే ‘టాక్’, ‘అనో’ కాదు. అయినా పొద్దున లేచింది మొదలు అందరూ ‘నో’ అనే అంటారు. పొడుగు మాట వాడుకలోనే లేనిచోట పొట్టి మాట దానిలోంచి ఎలా వస్తుంది? రష్యన్‌లో అదే ‘నో’కి ‘కానీ’ అని అర్థం. కాబట్టి ఈ ‘నో’ స్లావిక్ భాషల్లో విడిగా పాతుకుపోయిన మాట. చెక్‌లో అది ‘అనో’తో కలిసిపోయిందంటే ఒప్పుకుంటాను, దానిలోంచే పుట్టిందంటే ఒప్పుకోను.

ఇంగ్లిష్ ‘నో’కి దీనికి ఏ చుట్టరికమూ లేదు. పాత ఇంగ్లిష్‌లో అది ‘నా’. ‘నె’ అంటే కాదు, ‘ఆ’ అంటే ఎప్పుడూ, రెండూ కలిసి ‘ఎప్పటికీ కాదు’. ఇటాలియన్, స్పానిష్‌లలో ‘నో’ లాటిన్ ‘నోన్’ నుంచి వచ్చింది, దాని పాత అర్థం ‘ఒకటీ కాదు’. జర్మన్ ‘నైన్’ని విడదీసినా ‘నె’, ‘ఐన్’, అదీ ‘ఒకటీ కాదు’. వీటన్నిటి లోపలా ఉన్న ఆ ‘న’, సంస్కృతంలో ‘న’, మనం తెలుగులో వాడే ‘నాస్తి’లోని ‘న’, అన్నీ ఒకే కుటుంబం. ప్రాగ్ ఇంటావిడ ‘నో’ ఆ కుటుంబంలోది కాదు. ఆవిడ కాదనాలనుకుంటే అనే ‘నె’ మాత్రం అందులోదే. నాకు ఈ మాటలంటే ప్రాణం, అందుకే ఇంత రాశాను.

ఫిన్లండ్‌లో మా చెల్లెలు ఉంటుంది. అక్కడా ఏ మాటకైనా ముందు ‘నో’ అంటారట, మన ‘సరే మరి’ లాగా. ఫిన్నిష్ అసలు ఈ భాషల కుటుంబమే కాదు.

లిస్బన్ నుంచి

మా వైపు ఇబ్బంది చెవికి కాదు, కంటికి. పోర్చుగీస్‌లో ‘నో’ అని రాసి ఉంటే ‘లో’ అని అర్థం, మన విభక్తి లాగా. పలికేటప్పుడు ‘ను’ అంటారు. ‘ఎం’ అంటే లో, దాని పక్కన ‘ఓ’ అనే ఆర్టికల్ చేరి ‘నో’ అయింది. కాదనడానికి వేరే మాట ఉంది, ముక్కుతో పలుకుతారు. నేను వచ్చిన కొత్తలో ప్రకటనల్లో ‘అపార్తమెంతో నో సెంత్రో’ అని కనిపిస్తే సెంటర్లో లేదు కాబోలు అనుకుని దాటేశాను. అది ‘సెంటర్లో’ అని. పదిహేను రోజులు మంచి ఇళ్లన్నీ వదిలేసి ఊరి చివర ఇళ్లు చూస్తూ తిరిగాను.

ఇంకోటి, మీ ‘అనో’ ఇక్కడ సంవత్సరం. లాటిన్ ‘అన్నుస్’ నుంచి వచ్చింది. ఫారాల్లో ‘అనో’ అని ఉన్న గడిలో అవునని టిక్ పెట్టకండి, ఏడాది రాయండి.

థెస్సలొనికీ నుంచి

మా ఊళ్లో ‘అనో’ అంటే పైన. పాత ఊరి పేరు ‘అనో పోలి’, ఎగువ పట్నం.

గ్రీస్ వచ్చేవాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది. ఇక్కడ అవును అంటే ‘నె’. కాదు అంటే ‘ఓహి’. మొదటి నెలంతా నాకు ‘ఓహి’ ‘ఓకే’లా వినిపించింది, ‘నె’ వినగానే కాదన్నారని కౌంటర్ వదిలి వెళ్లిపోయాను. ఒక ఆఫీసులో ఆ గుమాస్తా నా వెనకే లేచి వచ్చి పిలిచింది, పాపం. కాదనేటప్పుడు వీళ్లు తల కొంచెం వెనక్కి ఎగరేసి నాలుకతో ‘చ్’ అంటారు. ఆ ‘చ్’ మనకీ ఉంది కాబట్టి దాన్ని నమ్ముకోండి. అక్టోబర్ 28న ఆఫీసులకి వెళ్లకండి, సెలవు. దాని పేరే ‘ఓహి’ రోజు, 1940లో ఇటలీ హెచ్చరికకి గ్రీస్ కాదన్నందుకు గుర్తుగా.

సోఫియా నుంచి

ఆ ‘నె’ సరిహద్దు దాటి మా బల్గేరియాలోకి వస్తే కాదు అయిపోతుంది. పైగా ఇక్కడ తల అడ్డంగా ఊపితే అవును, పైకెత్తితే కాదు. మన తెలుగువాళ్లకి ఇది సుఖమే, పక్కకి తల ఊపితే ఇక్కడ సరిగ్గా అర్థం చేసుకుంటారు. అయితే విదేశీయులతో మాట్లాడేటప్పుడు కొందరు మర్యాదకి బయటి దేశాల పద్ధతికి మారతారు, అప్పుడే అసలు గందరగోళం. నోటితో చెప్పించుకోండి. ‘ద’ అంటే అవును, ‘నె’ అంటే కాదు.

స్టుట్‌గార్ట్ నుంచి

అందరూ వాళ్ల మాటల గురించి చెప్పారు, మన అలవాటు గురించి కూడా చెప్పాలి. “మీరు ఇంకా ఫారం ఇవ్వలేదా?” అని అడిగితే మనం “ఆఁ, ఇవ్వలేదు” అంటాం. అదే అలవాటులో ఇక్కడ ‘యా’ అంటే ఇచ్చానన్నట్టు తీసుకుని ఫైలు పక్కన పెట్టేస్తారు. నాకు అలా ఒక అపాయింట్‌మెంట్ పోయి, మళ్లీ దొరకడానికి ఏడు వారాలు పట్టింది. ‘లేదా?’ అని అడిగినప్పుడు ‘లేదు, ఇచ్చాను’ అనాలంటే జర్మన్‌లో ‘దోఖ్’ అనే విడి మాట ఉంది. ఫ్రెంచ్‌లో ‘సి’, స్వీడిష్‌లో ‘యూ’. ఆ స్వీడిష్ మాట రాత, మీ ప్రాగ్ ఆవిడ ‘యో’ రాత ఒకటే. చెక్ వాళ్లు మాత్రం దాన్ని మామూలు అవునుకే వాడతారు. తమ్ముడూ, గురువారం ఆవిడ ‘కాదా, లేదా’ అని అడిగితే ఒక్క మాటతో జవాబివ్వకు, పూర్తి వాక్యం చెప్పు.

ప్రశ్న వేసింది నేనే (ప్రాగ్)

అందరికీ చేతులెత్తి దండం. ఇప్పుడే ఆవిడకి మళ్లీ ఫోన్ చేశాను. మూడు ప్రశ్నలూ ఒక్కొక్కటే అడిగి, ప్రతిదానికీ చివర “అనో నెబో నె?” అన్నాను. ముందు “నో…” అని ఆగింది, తర్వాత నవ్వి “అనో, అనో, అనో” అంది. పోస్టాఫీసుకి కూడా వస్తానంది. వ్రోత్సవాఫ్ అన్నయ్యా, మీరు రాసింది మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను, మీ ఆవిడ గురించి చాలా బాధపడింది. గురువారం ఏమైనా తీసుకెళ్లాలా?

వార్సా నుంచి

పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం కాపీ తీసుకెళ్లు నాన్నా. పువ్వులు పట్టుకెళ్తే బేసి సంఖ్యలో ఉండాలి, సరి సంఖ్యవి చావుకి తీసుకెళ్తారు.

ప్రాగ్ నుంచి, 14 ఏళ్లుగా

గుమ్మం దగ్గరే బూట్లు విప్పెయ్. ఆవిడ వద్దులే అన్నా సరే విప్పు, చెప్పులు ఇస్తుంది. చిరుగు లేని సాక్సు వేసుకుని వెళ్లు.