వాక్యూమ్ పంపు ఆయిల్ పాలలా తెల్లబడింది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో రెండు దశల రోటరీ వేన్ పంపు ఉంది. తడి శాంపిళ్లు ఆరబెట్టడానికి, మిగిలిపోయిన మెథనాల్, టోలుయీన్ లాగేయడానికి వాడుతున్నాను. ఆయిల్ మార్చి ఇంకా నెల కూడా కాలేదు, అప్పుడే పాలలా తెల్లబడింది. నీరు కలిసిందని అర్థమైంది. వాక్యూమ్ కూడా మునుపటంత రావడం లేదు.

శాంపిల్‌కీ పంపుకీ మధ్యలో డ్రై ఐస్, అసిటోన్‌తో కోల్డ్ ట్రాప్ (ఆవిరిని చల్లబరిచి పట్టేసే పాత్ర) పెడుతున్నాను, అంటే సుమారు −78 డిగ్రీలు. నిజం చెప్పాలంటే రెండుసార్లు డ్రై ఐస్ అయిపోయినా చూసుకోలేదు. తప్పు నాదే.

పంపు మీదున్న గ్యాస్ బల్లాస్ట్ అనే చిన్న వాల్వ్ తెరిస్తే, కంప్రెషన్ సమయంలో కొంచెం గాలి చేరి, ఆవిరి ద్రవంగా మారకముందే బయటికి పోతుందని చదివాను. మరి దాన్ని పని జరుగుతున్నంతసేపూ తెరిచే ఉంచాలా, లేక చివర్లో ఓ అరగంట చాలా? పంపు వేడెక్కాకే ఆవిరి లాగాలంటారు, అది ఎంత ముఖ్యం?

అసలు టెన్షన్ ఇంకొకటి. ట్రాప్‌కి ద్రవ నత్రజని వాడమని ఒక సీనియర్ అంటున్నారు. అది −196 డిగ్రీలు, ఆక్సిజన్ −183 దగ్గరే ద్రవమవుతుంది. ఎక్కడైనా లీకై గాలి లోపలికి వస్తే ట్రాప్‌లో ద్రవ ఆక్సిజన్, పక్కనే టోలుయీన్, పేలిపోవచ్చు! తలచుకుంటేనే భయం. పని ముగించేటప్పుడు ఏది ముందు చేయాలి: పంపు ఆపడమా, గాలి వదలడమా, ట్రాప్‌ని చలిలోంచి తీయడమా? ఎగ్జాస్ట్ గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకే పెట్టాను.

అనుభవం ఉన్నవాళ్లు మీరు పాటించే వరుస చెప్పగలరా?